భూకంపం – గృహనిర్మాణ ధర్మం



వరాహమిహిరాచార్యులు క్రీస్తుశకం 6వ శతాబ్దంలో రచించిన బృహత్సంహితలో భూకంపలక్షణాలకే ఒక అధ్యాయం ఉన్నది. భూమి ఎందుకు కంపిస్తుందనే ప్రశ్నకు ఆయన పూర్వుల మతభేదాలను వరుసగా చూపించారు. సముద్రమధ్యంలో వసించే మహాప్రాణుల వల్లనని కొందరు, భూభారం మోసి అలసిన దిగ్గజాల నిట్టూర్పు వల్లనని కొందరు, వాయువు వాయువుతో ఢీకొని నేలపై పడుట వల్లనని మరికొందరు, కంటికి కానరాని కారణం వల్లనని ఇంకొందరు చెప్పారట. భూమి పైపొర పెద్ద ఫలకాలుగా ఉన్నదనీ, వాటి కదలిక వల్ల పేరుకొన్న ఒత్తిడి శిలను చీల్చినప్పుడు కంపం పుడుతుందనీ నేటి శాస్త్రం చెప్తున్నది. ఫలకాల అంచులకు దూరమైన మన దక్కను పీఠభూమిలోనూ లోతున పాత పగుళ్ళున్నాయి. ఆ ఒత్తిడి అక్కడికీ చేరుతుంది.

ఏ దినాన, ఏ ఘడియలో కంపం వస్తుందో చెప్పగల విద్య నేటికీ మనుష్యులకు అలవడలేదు. ఏ గోడ నిలుస్తుందో, ఏది కూలుతుందో మాత్రం ముందే చెప్పవచ్చును. దీనికి మన పొరుగున మహారాష్ట్రలోని కిల్లారి గ్రామం సాక్ష్యం.

1992లో ఆ ప్రాంతంలో కొన్ని మాసాలపాటు చిన్న చిన్న కంపాలు వచ్చాయి. ప్రజలు భయపడ్డారు. కంపాలు ఆగినవి, భయమూ తగ్గినది. మరుసటి ఏడు, 1993 సెప్టెంబరు 29 రాత్రి, గణేశ నిమజ్జనం ముగించి జనులు అలసి నిద్రించారు. తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు 6.2 తీవ్రతతో భూమి కంపించింది. లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాలలో 8,000 నుంచి 10,000 మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. ఆ కుదుపు హైదరాబాదుకూ తెలిసింది. ప్రపంచంలో ఇంతకంటె ఎన్నో రెట్లు పెద్ద కంపాలు వచ్చాయి. ఇంత మధ్యమ తీవ్రతకు ఇన్ని ప్రాణాలు ఎందుకు పోయాయి?

ఇంజనీర్లు శిథిలాలను పరీక్షించి చెప్పిన కారణం ఇది. అక్కడి ఇళ్ళకు రెండడుగులకు తగ్గని రాతిగోడలు. చూచుటకు కోటగోడ వలె ఉంటాయి. కాని ఆ గోడ నిజానికి రెండు పలుచని గోడలు: బయటి వరుస ఒకటి, లోపలి వరుస ఒకటి. నడుమ గులకరాళ్ళు, మట్టి అడుసు. ఈ రెండు వరుసలను కలిపి పట్టుకొనే పొడుగురాయి ఎక్కడా లేదు. భూమి ఊగగానే బయటి వరుస బయటికి, లోపలి వరుస లోపలికి విడిపోయింది. పైన దూలాల మీద అడుగు నుంచి రెండడుగుల మందాన మన్ను. ఎండకు చల్లగా ఉండాలని, వాన కురియరాదని తరతరాలుగా పోస్తూ వచ్చిన మన్ను అది. అదంతా నిద్రిస్తున్న వారిపై పడింది.

రాయలసీమ, తెలంగాణ పాఠకులకు ఈ వర్ణన కొత్తగా తోచదు. ఏటా వానకారుకు ముందు చవుడు పోసే మన మట్టిమిద్దెలు వీటికి తోబుట్టువులే. ఆ మిద్దెలను నిందించుట నా ఉద్దేశం కాదు, వేసవిలో వాటి సుఖం అనుభవించినవాడను. మన్ను బరువు తగ్గించాలి, గోడకు బంధం చేర్చాలి, అంతే.

ఆ బంధం ఎట్లా ఉండాలో 1993లోనే వెలువడిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 13828 చెప్తున్నది. గోడ మందమంతా ఇటునుంచి అటు పట్టే రాయిని ఎత్తులో రెండడుగులకు ఒక వరుసగా, ఆ వరుసలో నాలుగడుగులకు మించని ఎడంతో పెట్టాలి. తలుపుల, కిటికీల పైభాగాన ఇల్లంతా చుట్టి వచ్చే పట్టీ వేయాలి, మూలలను గట్టిగా ముడివేయాలి. మన తాపీమేస్త్రులు లింటెల్ బీమ్ అనేది ఈ పట్టీనే. దానిని తలుపు పైన ముక్కగా విడిచిపెట్టక, నాలుగు గోడలకూ మొలత్రాడు వలె చుట్టించాలి. ఇంటి ఖర్చులో ఇది స్వల్పం.

కిల్లారి తరువాత 52 గ్రామాలను కొత్తచోట్ల కట్టారు. నాకు అంతకంటె ముఖ్యంగా తోచేది రెండవ పని. నిలిచి ఉన్న లక్షలాది పాత ఇళ్ళను ఎవరి ఇల్లు వారే బలపరచుకొనేటట్లు చేయడం. వెయ్యికి పైగా గ్రామాలలో సామాన్య స్త్రీలను సంవాద సహాయకులుగా నియమించారు. ఆ పనిలో స్వయం శిక్షణ ప్రయోగ్ అనే సంస్థ తోడు నిలిచింది. ఆ స్త్రీలు గోడ బలమెట్లా వస్తుందో నేర్చి ఇరుగుపొరుగులకు చెప్పారు. మేస్త్రి పనిని దగ్గర నిలిచి చూచారు. 2001 జనవరి 26న గుజరాతులో కచ్ఛ్ కంపించినప్పుడు, లాతూర్ ప్రాంతపు స్త్రీలే అక్కడికి వెళ్ళి, తాము అనుభవించినదీ నేర్చినదీ ఆ ఊళ్ళ స్త్రీలకు చెప్పారు.

ఆ కచ్ఛ్‌లో భుంగా అనే గుండ్రని ఇళ్ళు, తేలికైన కసవు కప్పుతో, చాలావరకు నిలిచాయి. రెండువందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో మాత్రం, క్రింది అంతస్తును వాహనాల కోసం స్తంభాలపై ఖాళీగా విడిచిన మేడలు కొన్ని కూలాయి. మన నగరాలలో నేడు ఎక్కడ చూచినా అట్టి మేడలే!

మన నేల నిశ్చలమని ఎవరూ భావించరాదు. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతం, 1969 ఏప్రిల్ 13న భద్రాచల ప్రాంతం, 2024 డిసెంబరు 4 ఉదయం 5.3 తీవ్రతతో ములుగు జిల్లా కంపించాయి. ఆ ములుగు జిల్లాలోనే పాలంపేట రామప్ప దేవాలయం ఉన్నది. 1213 నాటి ఆ ఆలయానికి పునాదిలో ఇసుక నింపారు, శిఖరానికి తేలికైన ఇటుకలు వాడారు. క్రింద నేలను సరిచేయడం, పైన బరువు తగ్గించడం అక్కడ చూడవచ్చును. మూరెడు గుంట త్రవ్వి, ఆ మన్నుతోనే పూడ్చి, మన్ను మిగిలితే నేల ఉత్తమమని, చాలకపోతే అధమమని బృహత్సంహిత వాస్తువిద్యలో చెప్పిన పరీక్షకూ నేల గట్టిదనమే ఆధారం. శంకుస్థాపన ముహూర్తానికి ఎంతో శ్రద్ధ వహించే మనం ఆ గుంట మాట మరచిపోయాము.

సత్రానికి, అన్నదానశాలకు, వేదపాఠశాలకు విరాళమిచ్చే దాతలకు ఒక మనవి. శిలాఫలకంపై పేరు ఎక్కడ ఉంటుందని అడుగుటకు ముందు, ఈ కట్టడానికి భూకంప ప్రమాణాల ప్రకారం ఇంజనీరు నక్షా గీశారా, పట్టీ నాలుగు గోడలూ చుట్టివచ్చిందా, నేలను పరీక్షించారా అని అడగండి. అడిగినందుకు ఎవరూ నొచ్చుకొనరు. ఇప్పటికే ఉన్న పాత సత్రపు గోడలను బిగించుటకు ఇచ్చిన ధనానికి ప్రారంభోత్సవం ఉండదు. రెండువందలమంది యాత్రికులు నిద్రించే చోట ఆ ధనమే మొదట కావలసినది.

యాత్రికులకు మరొక మాట. నేల కదిలినట్లు తోచగానే ద్వారం వైపు మూకగా పరుగెత్తరాదు, తొక్కిసలాటలో వృద్ధులు, పిల్లలు నలిగిపోతారు. ఉన్నచోటనే క్రిందికి వంగి తల కాచుకొని, కదలిక ఆగిన పిమ్మట గోడలకు దూరంగా బయలు ప్రదేశానికి నడవాలి. సత్రంలో బస చేసినప్పుడు రెండవ ద్వారం ఎటున్నదో, దానికి తాళం వేసి ఉంటే చెవి ఎవరి వద్ద ఉంటుందో ఆ సాయంకాలమే అడిగి తెలుసుకొనండి.