వెదురు సైకిలు: కోత, ఆఱుదల, అతుకు



కావడి బద్దను భుజముపై వేసికొని నడచినవానికి వెదురు బలమును గూర్చి వేఱొకరు బోధింప నక్కఱలేదు. అది బరువునకు వంగును, అడుగు వేసిన కొలది లేచును, విఱుగదు. ఈ గుణమును ఆధారము చేసికొనియే వెదురుతో సైకిలు ఫ్రేములను కట్టుచున్నారు. ఈ మాట విని నవ్వువారు కొందఱుందురు. వెంటనే అప్పు తెచ్చి పని మొదలుపెట్టవలెనని త్వరపడువారు కొందఱుందురు. ఉభయులకును చెప్పవలసినది ఒక్కటే. వెదురు సైకిలు బలములో వెదురు వంతు సగమే. తక్కిన సగము కోతయందును, ఆఱుదలయందును, అతుకునందును ఉన్నది.

ఈ యూహ క్రొత్తది కాదు. 1894లో లండను నగరమున జరిగిన స్టాన్లీ ప్రదర్శనమున వెదురు సైకిలును జనులు చూచిరి. నాడు వెదురు కొనలను లోహపు తొడుగులలో బిగించెడివారు. తరువాత ఉక్కు గొట్టముల ఫ్రేములే లోకమంతట వ్యాపించినవి. 1990 దశకమున కాలిఫోర్నియాలో క్రెయిగ్ కాల్ఫీ యను సైకిళ్ల నిర్మాత, అతుకులను నారతోను జిగురుతోను చుట్టి వెదురు ఫ్రేమును మఱల కట్టెను. ఆఫ్రికాలోని ఘానా దేశమున బెర్నీస్ డపా 2009లో స్థాపించిన సంస్థ యువతీయువకులకు ఈ పనిని నేర్పుచు వచ్చినది. జావా ద్వీపమున తెమంగ్గుంగ్ ప్రాంతమున సింగిహ్ కర్తోనో ‘స్పెడాగి’ యను పేర వెదురు సైకిళ్లను చేయించెను. ఇచ్చటనెల్ల కొనువారు వెల యిచ్చునది వట్టి వెదురునకు కాదు, దానిపై జరిగిన పనికి. మనము గ్రహింపవలసిన విషయ మిదియే.

మొదటిది కోత. సైకిలునకు గోడ దళసరిగా నుండు వెదురు కావలెను. మన కొండలలోను గట్లమీదను పెరుగు సాధనపు వెదురు సన్నముగా, తఱచు లోపల దాదాపు నిండుగా నుండును. మూడేండ్లు నిండిన బొంగునే నఱకవలెను. లేత బొంగునకు డొప్పలు అంటియుండును, తెల్లని బూడిద వంటి పొడి కనబడును. ముదిరినదానికి డొప్పలు రాలిపోవును, నిగనిగ తగ్గి మచ్చలు పుట్టును, తట్టినచో గణగణ మ్రోగును. వానకాలమున పొద క్రొత్త మోసులు వేయును గనుక అప్పుడు కత్తి పెట్టరాదు. వానలు వెనుకబడిన పిమ్మట, చలి నెలలలో కోయవలెను. ఏడాది, రెండేండ్ల బొంగులను విడిచినగాని పొద నిలువదు. వయసు గుర్తించుటలో మేదరివారి కన్ను మన పుస్తకములకంటె మిన్న; వారి నడిగి నేర్చుకొనుట చిన్నతనము కాదు.

రెండవది ఆఱుదల. నాకు ఈ పాఠము నష్టమువలన తెలిసినది. ఒక వానకాలమున తొందరపడి లేత వెదురు నఱికించి కాకర పందిరి వేయించితిని. కొలది నెలలకే బొంగుల నుండి తెల్లని పిండి రాలసాగినది. తీగె నిండు కాపుమీద నుండగా పందిరి కూలినది. లేత వెదురులోని పిండిపదార్థమే పుచ్చుపురుగునకు ఆహారము. పందిరి కూలినచో కాకరకాయలు పోవును. సైకిలు కూలినచో మనిషి పోవును.

కావున కణుపుల లోపలి గోడలను పొడవైన ఇనుప ఊచతో తొలిచి, నూఱు లీటర్ల నీటికి బోరాక్సు 3 కిలోలు, బోరిక్ ఆమ్లము 2 కిలోలు చొప్పున కలిపిన ద్రావణములో వారము పది దినములు నాననీయవలెను. ఆ నీటిని పశువులు త్రాగు చెఱువులోనికి విడువరాదు. పిదప నీడలో, గాలి తగులునట్లు, కొన్ని నెలలు ఆఱనీయవలెను. ఎండలో పడవేసినచో నిలువున పగులును. పచ్చిదానిని అతికినచో తరువాత ఆఱి సన్నగిల్లి అతుకు వదులగును. అది ఇసుకమీద కట్టిన యింటి చందము.

మూడవది అతుకు. హ్యాండిలు తిరుగు గొట్టము, పెడళ్ల ఇరుసు గొట్టము, వెనుక చక్రపు ఇరుసును పట్టు చెవులు లోహముతోనే యుండవలెను. ముందు ఫోర్కును సాధారణముగా ఉక్కుదే వాడుదురు. ముందరి త్రికోణమునకు సుమారు అంగుళమున్నర లావుగల బొంగులును, వెనుక కొమ్మలకు ముప్పాతిక అంగుళపు బొంగులును సరిపోవును. ఒక బొంగు కొనను చేప నోరువలె తొలిచి రెండవదానిపై సందులేకుండ కూర్చుదురు. వెదురు నునుపు పైపొరను అతుకుచోట గీరి, ఎపాక్సీ జిగురులో తడిపిన నారను పొరపై పొరగా బిగించి చుట్టుదురు. జనుపనార, కలబందనార, కార్బను నార మున్నగునవి వాడుకలో నున్నవి. మన గోగునారను వాడదలచినచో ముందు పరీక్షించి చూడవలెను. ఈ జిగురు చర్మమునకు కీడు చేయును గనుక చేతితొడుగులు తప్పనిసరి. తుదకు వార్నిషు పూయనిదే వాన తేమ లోనికి దిగును.

ఇట్లు కట్టిన ఫ్రేమును బరువులతో మాటిమాటికి పరీక్షింపకుండ అమ్మరాదు. సైకిళ్ల భద్రతకు ఐ.ఎస్.ఓ. 4210 అను అంతర్జాతీయ ప్రమాణము కలదు.

ఇక మన సంఘము చేయదగిన దేమి? 1927 నాటి అటవీ చట్టమునకు 2017లో జరిగిన సవరణవలన, అడవి కాని భూమిలో పెరిగిన వెదురు ఆ చట్టములోని చెట్ల లెక్కనుండి తొలగినది. అయినను బండి కట్టుటకు ముందు జిల్లా అటవీ కార్యాలయమున రవాణా నిబంధనలను విచారించుట మేలు. పిదప సభ్యులు తమ పొదలలో ఏటేట పుట్టిన బొంగులకు రంగు గుఱుతులు పెట్టి వయసు తెలియజేయవలెను. నానవేయుటకు ఒక ఉమ్మడి తొట్టి, ఆఱబెట్టుటకు ఒక పాక కట్టుకొనవలెను. ముదిరి, మందు పట్టి, బాగుగ ఆఱిన బొంగు నిచ్చెనకును పందిరికిని కూడ పనికివచ్చును. సైకిలు అమ్ముడుపోకున్నను ఆ శ్రమ వృథా కాదు. అప్పు చేసి సైకిలు కట్టి పుచ్చు వెదురుతో పేరు చెడగొట్టుకొన్నచో ఆ నష్టము ఒక్కనిది కాదు, సంఘమంతటిది.

మొదట తొట్టి, తరువాత సైకిలు. ఈ క్రమము తప్పనివారికి గట్టుమీది వెదురు మేలే చేయును.