నూటికి నలభై: వికలాంగుల పింఛను లెక్క

మనిషి ఒంటికి అంకెలు వేయడం వినడానికి కటువుగా ఉంటుంది. కాలు బిగిసిన మనిషిని చూసి 'నువ్వు ముప్పై శాతం' అనడం సభ్యత కాదు గదా అనిపిస్తుంది. అయినా మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో ఎన్నో ఇళ్ళ నెల ఖర్చు ఆ అంకె మీదే నడుస్తున్నది. సదరం పత్రంలో 40 పడితే పింఛనుకు అర్హత. 39 పడితే లేదు. ఆ రెండంకెల మధ్య తేడా ఒకటే. రూపాయల్లో తేడా నెలకు 6,000.

నేను మెట్ట సేద్యం చేసే ఇంటి నుంచి వచ్చినవాణ్ణి. సైన్సు చదువుతున్నానని తెలిసిన దగ్గర నుంచి సెలవులకు ఊరికి పోతే పెద్దవాళ్ళు కాగితాలు తెచ్చి నా చేతిలో పెడతారు. "ఏందబ్బయ్యా, ఇది చూసి నాకు ఎంతొస్తుందో చెప్పు" అంటారు. చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం వస్తే చాలు. అయితే ఏది ముందు చేయాలో, ఏది చేయకూడదో తెలియాలి. ఆ మాత్రం మిత్రులందరికీ చెప్పాలనే ఈ వ్యాసం.

మన నీళ్ళు, మన ఎముకలు

ఈ విషయం మన ప్రాంతానికి మరీ దగ్గరిది. తాగేనీటి ఫ్లోరైడువల్ల ఎముకలకు వచ్చే జబ్బును మన దేశంలో మొదట వివరంగా రాసింది నెల్లూరు జిల్లా గురించే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఒక వైద్య పత్రికలో ఆ సంగతి ప్రకటించారు. అప్పటి నెల్లూరు జిల్లాలో కనిగిరి, పొదిలి, దర్శి కూడా ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అవి అటు పోయాయి. జిల్లా సరిహద్దు మారింది గాని భూగర్భంలో రాయి మారలేదు. ఉదయగిరి వైపు మెట్ట పల్లెల్లో బోరునీళ్ళ బాధ ఇప్పటికీ వినే మాటే.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాముకు మించకూడదని మన దేశ ప్రమాణం. వేరే దారి లేనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు పళ్ళు గారపడతాయి, తర్వాత కీళ్ళు, వెన్ను బిగుస్తాయి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకుముందు 1995 చట్టంలో ఉన్నవి 7 మాత్రమే. కాని ఈ 21లో కూడా ఫ్లోరోసిస్ అనే పేరు లేదు. అది ఒంటిలో ఏ కీలును ఎంత బిగించిందో చూసి, చలన వైకల్యం కిందనే కొలుస్తారు. కాబట్టి మన ప్రాంతం మనిషి సదరం శిబిరానికి పోయి 'నాకు ఫ్లోరైడు జబ్బు' అంటే సరిపోదు. నడుము వంగదా, మోకాలు మడవదా, చెయ్యి పైకి లేవదా, అన్నీ విడివిడిగా చెప్పాలి. చెప్పని కీలుకు అంకె పడకపోవచ్చు.

శాతాలను కూడకూడదు

ఇక అసలు లెక్క. మన వాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. "కాలికి ఇరవై నాలుగు, చేతికి పద్దెనిమిది. కలిపితే నలభై రెండు. నలభై దాటినట్టే గదా!" అంటారు. దాటలేదు. ఒకటికి మించి లోపాలున్నప్పుడు వైద్యులు వాటిని మామూలుగా కూడరు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో దానికో సూత్రం ఉంది. పెద్ద అంకెను 'అ' అని, చిన్న అంకెను 'ఆ' అని అనుకుందాం. అప్పుడు

మొత్తం = అ + ఆ × (90 − అ) ÷ 90

ఈ 90 ఎక్కడిది? ఒక కాలు కదలికకు మొత్తం విలువ 90గా పెట్టుకున్నారు. తుంటి, మోకాలు, చీలమండ, మూడు కీళ్ళకూ తలా 30. మోకాలు పూర్తిగా బిగిసినా కదలిక కింద దానికి వచ్చేది 30 లోపే. నిలకడను, అంటే ఆ కాలి మీద నిలబడగలగడాన్ని, వేరుగా కొలిచి పై సూత్రంతోనే కలుపుతారు.

సూత్రం చూసి బెదరవద్దు. పంట పంపకంతో పోల్చి చూస్తే రైతు బిడ్డకెవరికైనా అర్థమవుతుంది. కళ్ళంలో 90 బస్తాలున్నాయి. మొదటివాడు 24 బస్తాలు తీసుకుపోయాడు. మిగిలినవి 66. రెండోవాడి వాటా 90కి 18, అంటే అయిదో వంతు. వాడికి ఆ అయిదో వంతు దేంట్లోంచి వస్తుంది? కళ్ళంలో ఇప్పుడున్న 66లోంచే. 66లో అయిదో వంతు 13.2. ఇద్దరూ కలిసి తీసుకుపోయింది 37.2. ఒంటి విషయంలోనూ అంతే. మొదటి లోపం పోగా మిగిలిన శక్తిలోంచే రెండో లోపం తన వాటా తీసుకుంటుంది. కాబట్టి 24, 18 ఉన్న మనిషికి 42 రాదు, 37.2 వస్తుంది. పింఛను గీత కిందే ఆగిపోతాడు.

ఇప్పుడు ఇంకొకరిని చూద్దాం. ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను బాగున్నవారికి చూపు వైకల్యం 30 శాతం. ఆ ఒక్కదాంతో పింఛను రాదు. అదే మనిషికి కాలి లోపం 18 శాతం ఉందనుకుందాం. 90లో 30 పోతే 60. అందులో అయిదో వంతు 12. మొత్తం 42. గీత దాటాడు. విడివిడిగా చూస్తే రెండూ 40 లోపే; కలిపితే అర్హత వచ్చింది. ఇలాంటివారు మన ఊళ్ళల్లో 'ఒంటికంటికి పింఛను రాదంట' అనే మాట విని అసలు శిబిరానికే పోకుండా ఉండిపోతారు. ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి.

మూడు లోపాలుంటే ముందు పెద్దవి రెండు కలిపి, వచ్చినదానితో మూడోది కలపాలి. పై మనిషికే చెవి లోపం 15 శాతం అదనంగా ఉంటే, 42 + 15 × 48 ÷ 90 = 50.

ఒక హెచ్చరిక. ఇది అంచనా మాత్రమే. ఏ కీలుకు ఎంత అనేది వైద్యుడు కొలిచి నిర్ణయించాలి. మన లెక్క పని ఏమిటంటే, శిబిరానికి పోవాలా వద్దా, పోతే ఏమేం చూపించాలి అని ముందుగా తెలుసుకోవడం. పోయి రావడం ఊరికే జరగదు. మనిషి, తోడు మనిషి, ఇద్దరి కూలి పోతుంది. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. ఆ లెక్కన ఒక రోజుకు 600, బస్సు చార్జీలు వేరే.

శాతం నుంచి రూపాయలకు

2014 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో పింఛను పెంచినప్పుడు 40 నుంచి 79 శాతం వరకు నెలకు 1,000, 80 ఆపైన 1,500గా ఉండేది. 2019 జూలై నాటికి వికలాంగుల పింఛను 3,000 అయింది. 2024 జూలై 1 నుంచి ఎన్.టి.ఆర్. భరోసా పేరున 6,000 ఇస్తున్నారు. పక్షవాతంతోనో, కండరాల క్షీణతతోనో మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి అదే ఉత్తర్వులో 15,000 నిర్ణయించారు. తెలంగాణలో 2023 జూలైలో వికలాంగుల పింఛను 4,016 చేశారు.

ఈ డబ్బులో ఢిల్లీ వాటా ఎంతో కూడా తెలుసుకోవాలి. 2009లో మొదలైన ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం కింద కేంద్రం ఇచ్చేది నెలకు 300. 2012 నుంచి ఆ అంకె కదల్లేదు. అదీ 18 నుంచి 79 ఏళ్ళ మధ్య, దారిద్ర్యరేఖ దిగువన, 80 శాతం పైబడినవారికే. 6,000లో 300 అంటే నూటికి 5. మిగతాదంతా రాష్ట్రం మోస్తున్నదే.

6,000ను 30తో భాగిస్తే రోజుకు 200. రోజు కూలితో పోలిస్తే మూడింట రెండు వంతులు. చాలా తక్కువ గదా అనిపించవచ్చు. సంవత్సరానికి చూడండి. పింఛను 72,000. ఉపాధి పని 100 రోజులూ దొరికినా 300 చొప్పున 30,000. వాన రాని ఏడు మెట్ట ఇంటికి ఏ నెలకానెల తప్పకుండా వచ్చే రాబడి ఇదొక్కటే. అందుకే ఆ 40 అంకె మీద అంత ఆశ, అంత దిగులు.

ఊళ్ళో లేక ఒక నెల పింఛను తీసుకోకపోతే పోయినట్టేనని కొందరు భయపడతారు. 2024 చివర్లో ఆ నిబంధన మార్చారు. రెండు నెలల వరకు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తారు. అంటే 18,000.

ఇంటి లెక్క వేరే ఉంది

శాతం 40 దాటినంత మాత్రాన అయిపోలేదు. 2019 డిసెంబరు మార్గదర్శకాలు మనిషితో పాటు ఇంటిని కూడా చూడమన్నాయి. పల్లెలో కుటుంబ రాబడి నెలకు 10,000 లోపు ఉండాలి. భూమి మాగాణి అయితే 3 ఎకరాల లోపు, మెట్ట అయితే 10 ఎకరాల లోపు, రెండూ కలిపినా 10 లోపు. ఇంటి కరెంటు నెలకు 300 యూనిట్ల లోపు. ప్రభుత్వోద్యోగి ఉండకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది.

ఇక్కడ మన రెండు ఊళ్ళ తేడా కనిపిస్తుంది. ఆత్మకూరు వైపు సోమశిల నీళ్ళు పారే 3 ఎకరాల మాగాణిని, ఉదయగిరి వైపు వాన మీద ఆధారపడిన 10 ఎకరాల మెట్టతో సమానం చేశారు. కాగితం మీద న్యాయంగానే ఉంది. కాని మెట్టలో 11 ఎకరాలుండి అందులో సగం బీడు పడ్డ రైతుకు కాగితంలో బీడు కనిపించదు. అందుచేత పాసుపుస్తకంలో ఏది మెట్టగా, ఏది మాగాణిగా రాసి ఉందో ముందే చూసుకోవాలి.

రెండో సంగతి, ఆ మార్గదర్శకాల ప్రకారం కుటుంబానికి ఒకే పింఛను. 80 శాతం పైబడిన వికలాంగులకు ఇందులో మినహాయింపు ఉంది. అవ్వకు ఇప్పటికే 4,000 వృద్ధాప్య పింఛను వస్తున్న ఇంట్లో, కొడుక్కి 45 శాతం పడిందనుకోండి. దాని బదులు ఇది తీసుకోనిచ్చినా ఇంటికి కొత్తగా వచ్చేది 6,000 కాదు, 2,000 మాత్రమే. అదే కొడుక్కి 80 శాతం ఉంటే రెండూ కలిసి 10,000. ఈ లెక్క వేయకుండానే వచ్చే డబ్బు తలుచుకుని అప్పు తెచ్చేవాళ్ళున్నారు.

మూడోది, సదరం పత్రంలో 'తాత్కాలికం' అని ఉందా, 'శాశ్వతం' అని ఉందా చూడాలి. తాత్కాలికమైతే గడువు తేదీ ఉంటుంది. అది దాటకముందే మళ్ళీ పరీక్షకు పోవాలి. 2025లో రాష్ట్రమంతటా పాత పత్రాలను తిరిగి పరీక్షించినప్పుడు ఎందరికో నోటీసులు అందాయి. అంకె తగ్గిందని చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. 2016 చట్టం 59వ సెక్షను ప్రకారం అప్పీలు చేసుకునే హక్కు ఉంది.

లెక్కకు అందనిది

ఈ శాతం కొలిచేది అవయవాన్ని మాత్రమే, బతుకుతెరువును కొలవదు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే పనివారున్నారు. ఆ పనికి ఊరు పేరు మీదుగా భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గరిటె చెక్కేవాడి మణికట్టు బిగిస్తే అతని పని మొత్తం ఆగిపోతుంది. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసేవాడి మోకాలు బిగిస్తే పని ఆగదు. పత్రంలో మాత్రం మొదటివాడికి తక్కువ, రెండోవాడికి ఎక్కువ పడవచ్చు. అరక దున్నే మనిషికి చీలమండ విలువ ఎంతో 30 అనే అంకె చెప్పలేదు. అందరినీ ఒకే కొలతతో కొలవడానికి ఏదో ఒక అంకె కావాలి, నిజమే. ఆ కొలతకు గీత గీసినచోట 39 మీద నిలబడ్డ మనిషికి ఏమీ లేకుండా చేయడం మాత్రం ప్రకృతి నియమం కాదు. మనుషులు పెట్టుకున్న నియమం, మార్చుకోవచ్చు. శాతం తగ్గేకొద్దీ పింఛను కొంచెం కొంచెంగా తగ్గే పద్ధతి పెడితే ఈ అగాధం ఉండదని నా అభిప్రాయం. లెక్కల విద్యార్థులు దీని మీద చర్చించాలి.

అది జరిగేదాకా మనం చేయగలిగిన పని ఒకటుంది. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ వీధిలో వికలాంగులైన పెద్దల దగ్గర అరగంట కూర్చోండి. ఒక కాగితం మీద లోపాలన్నీ విడివిడిగా రాయండి. సూత్రం ప్రకారం కలపండి. పాసుపుస్తకం, బియ్యం కార్డు, పత్రం గడువు చూడండి. 40 దాటే ఆశ ఉంటే సచివాలయంలో సదరం స్లాటు బుక్ చేయించి తోడు పోండి. దాటే ఆశ లేకపోతే ఆ మాట కూడా మెల్లగా, అర్థమయ్యేలా చెప్పండి. రాని డబ్బు మీద పెట్టుకున్న ఆశ వల్ల అయ్యే అప్పు కూడా తగ్గుతుంది. మనం తరగతి గదిలో నేర్చిన భాగహారానికి ఇంతకంటే మంచి పరీక్ష మరొకటి నాకు తోచడం లేదు.