దత్తమండలములు: మైత్రికి చెల్లించిన వెల

పెన్నానది యొడ్డుననున్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగులును, వానికి దక్షిణముననున్న పులివెందులయు ఎనిమిదేండ్లలో మూడు ప్రభుత్వములను చూచినవి. 1792 వరకు ఈ సీమ మైసూరు టిప్పు సుల్తానుది. పిదప హైదరాబాదు నిజాముది. 1800 నుండి ఈస్టు ఇండియా కంపెనీది. ఇందు ఒక్క మార్పునకైనను ఇచ్చటి రైతుల సమ్మతి నెవరును అడుగలేదు. రాజ్యములు ఒకదానితో నొకటి ఏల మైత్రి చేయును, ఏల పోరును అను విషయమును విచారించు శాస్త్రమునకు ఇంతకన్న దగ్గరి ఉదాహరణము మన విద్యార్థులకు దొరకదు.

ఈ శాస్త్రమునకు విశ్వవిద్యాలయములలో ప్రత్యేక పీఠము మొదట ఏర్పడినది 1919లో, వేల్సు దేశమందలి ఆబరిస్ట్విత్ పట్టణమున. మొదటి ప్రపంచయుద్ధమున కలిగిన ప్రాణనష్టమే దానికి కారణము. విషయము మాత్రము మిక్కిలి ప్రాచీనము. ఏథెన్సు బలము పెరుగుటయు, అందువలన స్పార్టాకు కలిగిన భయమును వారి యుద్ధమునకు మూలమని గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీసు తలచెను. మన దేశమున కౌటిల్యుని అర్థశాస్త్రము కలదు. అది చాలకాలము కనబడక, మైసూరునకు చేరిన తాళపత్రప్రతి నుండి 1909లో శ్యామశాస్త్రిగారిచే ముద్రింపబడినది. సరిహద్దు రాజు సహజ శత్రువనియు, వాని కావలివాడు సహజ మిత్రుడనియు అందు చెప్పబడినది. సంధి, విగ్రహము, ఆసనము, యానము, సంశ్రయము, ద్వైధీభావము అని రాజునకు ఆరు మార్గములు. అందు సంశ్రయమనగా తనకన్న బలవంతుని ఆశ్రయించుట. మన కథ యంతయు ఈ యొక్క మాటలోనున్నది.

1790లో కంపెనీవారు, పేష్వా, నిజాము మువ్వురును టిప్పుపై ఏకమైరి. కౌటిల్యుని సూత్రము ఇచ్చట పూర్తిగా అతుకదు. ఏలయన ఆ మువ్వురును ఒకరికొకరు సరిహద్దువారే. ఒకని బలము మితిమీరినప్పుడు తక్కినవారు తమలోని వైరములను కొంతకాలము మరచి వానినెదిరింతురనుట ఐరోపావారి బలసామ్య సిద్ధాంతము. ఇది దానికి సరిగా సరిపోవుచున్నది. 1792 శ్రీరంగపట్టణపు సంధిచే కడపయు, గండికోటయు నిజామునకు వచ్చినవి.

భయము తీరగనే ఆ కూటమి విడిపోయినది. 1795లో ఖర్డా యొద్ద మరాఠాలు నిజామును ఓడించిరి. గవర్నరు జనరలు సర్ జాన్ షోరు తటస్థుడై యూరకుండెను. ఆపత్కాలమున రాని మిత్రుని నమ్ముటెట్లు? నిజాము ఫ్రెంచివాడగు రేమండు చేతిక్రింది పటాలములను పెంచెను. వారి జీతములకై కడప సీమ రాబడిని కేటాయించెను. అప్పుడు ఇంగ్లండు ఐరోపాలో ఫ్రాన్సుతో యుద్ధము చేయుచుండెను. ఆ విధముగా పారిసు, లండనుల వైరము మన పెన్న యొడ్డునకు వచ్చినది! 1798లో వెల్లస్లీ ఆ పటాలములను రద్దుచేయించి, వాని స్థానమున కంపెనీ సైన్యమును నిలిపెను, ఖర్చు నిజాముది. మరుసటి యేడు టిప్పు మరణించెను. 1800 అక్టోబరు 12వ తేదీ సంధిలో, ఆ సైన్యపు ఖర్చునకు బదులుగా నిజాము 1792లోను, 1799లోను తనకు వచ్చిన మైసూరు భూములను కంపెనీకి ఇచ్చివేసెను. కంపెనీకి తెలుపక ఇతర రాజ్యములతో వ్యవహారము జరుపననియు ఒప్పుకొనెను. నా యభిప్రాయమున భూమిని పోగొట్టుకొనుటకన్న ఈ రెండవ మాటయే పెద్ద నష్టము. ఐరోపాలో 1648 వెస్ట్‌ఫేలియా సంధులతో బలపడెనని చెప్పబడు సార్వభౌమాధికారమునకు, ఇతరులతో స్వతంత్రముగా మాటలాడు హక్కు ప్రాణము వంటిది.

ఈ భూములకు మొదటి ప్రధాన కలెక్టరుగా థామసు మన్రో వచ్చెను. 1807 వరకు ఉండి, పాళెగాండ్రను అణచి, రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. వేంపల్లె దాపున గండిలో ఆయనకు బంగారు తోరణము కనబడెనను కథ నేటికిని చెప్పుకొందురు; పాలకుని గూర్చి ఇట్టి కథ పుట్టుట సామాన్యము కాదు. అయినను ఆయనను పంపినది ప్రజలు కారు, సంధిపత్రము.

ఇచ్చటనే బలమును మాత్రమే లెక్కించు వాస్తవికవాదము చాలదని తోచును. అది నిజాము ఏల లొంగెనో చెప్పగలదు; భూమితోపాటు మనుష్యులను ఇచ్చుట న్యాయమా అని అడుగదు. ఖర్డా యుద్ధము జరిగిన 1795లోనే జర్మను తత్త్వవేత్త కాంటు శాశ్వతశాంతిని గూర్చి చిన్న గ్రంథము వ్రాసి, రాజ్యమనునది ఆస్తి కాదు, మనుష్యుల సమాజము. కనుక దానిని వారసత్వముచేగాని, మార్పిడిచేగాని, క్రయముచేగాని, దానముచేగాని వేరొకరు పొందరాదని వాదించెను. ఆ మాట ఆనాడు హైదరాబాదునకు గాని కలకత్తాకు గాని వినబడలేదు. నానాజాతి సమితి 1920లో పుట్టి రెండవ ప్రపంచయుద్ధమును ఆపలేకపోయినది. 1945 నాటి ఐక్యరాజ్యసమితి శాసనపత్రము మొదటి అధికరణములోనే ప్రజల స్వయంనిర్ణయ హక్కును పేర్కొన్నది. కాని వ్రాతకును నడతకును ఉన్న దూరమును వార్తాపత్రిక చదువువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

దత్తము అనగా ఇయ్యబడినది. ఆ పేరు ఇచ్చటివారికి రుచింపలేదు. 1928లో నంద్యాల సభయందు చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను పేరును సూచింపగా అందరును ఆదరించిరి. సినిమా వ్యాపారులు మాత్రము నేటికిని తమ లెక్కలలో ఈ ప్రాంతమును సీడెడ్ అనియే వ్రాసుకొనుచున్నారు.