ఒక క్రిస్మసు గీతము కథ

డిసెంబరు 24వ తేది రాత్రి క్రైస్తవ దేవాలయములలో దీపములు వెలిగించి భక్తులు ఒక పాటను మెల్లగా పాడుదురు. ఆంగ్లమున ‘సైలెంట్ నైట్’ అని పేరొందిన ఆ గీతము మన తెలుగు క్రైస్తవులకును చిరపరిచితమే. పల్లెలలోని చిన్న ప్రార్థన మందిరములందు సైతము దానిని తెలుగు మాటలతో పాడుదురు. ఇంత ప్రసిద్ధికెక్కిన పాటను ఏ మహానగరమందో గొప్ప సంగీత విద్వాంసుడు రచించియుండునని తోచుట సహజము. నిజమునకు దానిని వ్రాసినవాడు ఒక బీద మతాచార్యుడు. రాగము కూర్చినవాడు ఒక పల్లెటూరి బడిపంతులు.

ఆ మతాచార్యుని పేరు యోజెఫ్ మోర్. 1792వ సంవత్సరము డిసెంబరు 11వ తేదిని సాల్జ్‌బర్గు నగరమున జన్మించెను. తల్లి అల్లిక పని చేసి పొట్ట పోసికొను పేదరాలు. తండ్రి సిపాయి, బిడ్డ పుట్టకమునుపే ఆమెను విడిచి వెడలిపోయెను. వివాహము కాని తల్లికి పుట్టిన శిశువును ఆ కాలపు సమాజము చిన్నచూపు చూచెడిది. జ్ఞానస్నానమునకు ఆ బిడ్డకు జ్ఞానతండ్రిగా నిలిచినది ఎవరనుకొన్నారు? ఆ నగరమున మరణశిక్షలు అమలుపరచు తలారి! గౌరవనీయులగు గృహస్థులెవ్వరును ముందునకు రాలేదు కాబోలు.

అయినను ఆ బాలుని కంఠమునందు మాధుర్యమున్నది. పెద్ద దేవాలయమునకు చెందిన ఒక గురువు దానిని గుర్తించి, వానిని చేరదీసి, చదువును సంగీతమును చెప్పించెను. వివాహబంధము లేక పుట్టినవారు మతాచార్యులగుటకు ప్రత్యేకానుమతి కావలసియుండెను. అదియును పొంది, 1815లో మోర్ గురుపట్టమునందెను.

ఆ సంవత్సరమే ఏప్రిలు నెలలో, వేలకొలది మైళ్ల దూరమున, నేటి ఇండొనీషియాలోని తంబోరా అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. దాని ధూళియు వాయువులును ఆకాశమున వ్యాపించి సూర్యరశ్మిని మందగింపజేసెను. తత్ఫలితముగా 1816లో ఐరోపాలో వేసవియే రాలేదని చెప్పుకొందురు. ఎడతెగని వానలకు పైరులు చేలలోనే కుళ్లిపోయెను. ధాన్యపు ధరలు మండిపోయెను. అంతకుముందు చాలకాలము నెపోలియను యుద్ధములు ఆ దేశములను నలిపివేసియుండెను. ఎక్కడనో పగిలిన కొండకును, తమ యింటి ఖాళీ గాదెకును సంబంధమున్నదని ఆ రైతులు ఎట్లు ఎరుగుదురు? ఆ సంగతి శాస్త్రజ్ఞులు తరువాతి కాలమున తెలిసికొన్నది.

అట్టి 1816వ సంవత్సరముననే, మారియాఫార్ అను కొండప్రాంతపు ఊరిలో సహాయ గురువుగా ఉన్న మోర్, ఆరు చరణముల గీతమును రచించెను. అది ఆకలిని గూర్చిన విలాపము కాదు. నిద్రించు శిశువును, మేల్కొని కాచుచున్న తల్లిదండ్రులను వర్ణించు ప్రశాంతమైన పాట. లోకములోని జనులెల్లరు సోదరులను భావము కూడ అందు కలదు. క్రైస్తవుల విశ్వాసమును అనుసరించి, ఏసు ప్రభువు రాజసౌధమున గాక, సత్రమున చోటు దొరకక, పశువుల తొట్టిలో పరుండెను. ఆ శుభవార్తను మొట్టమొదట విన్నవారు రాత్రివేళ మందలను కాయుచున్న గొఱ్ఱెలకాపరులని లూకా సువార్త చెప్పుచున్నది. తనవలెనే బీదరికమున పుట్టిన ఒక శిశువునందు దైవమును చూచిన మోర్‌కు, కరవు సంవత్సరమున కూడ సంతోషించుటకు కారణము కనబడినది. ఏమియు లేనివానికి ఆ సంతోషమే దొరకిన ధనము.

తరువాత ఆయన ఒబెర్న్‌డార్ఫు గ్రామమునకు వచ్చెను. అది సాల్జాఖ్ నదీతీరమున ఉన్న పడవవాండ్ర ఊరు. ఎగువనుండి ఉప్పును పడవలలో తెచ్చుటయే వారి జీవనము. 1816లో సాల్జ్‌బర్గు ఆస్ట్రియా దేశమున చేరినప్పుడు ఆ నదియే సరిహద్దయినది. ఆవలి యొడ్డున ఉన్న లౌఫెను పట్టణము బవేరియాకు పోయెను. అంతవరకు ఒక్కటిగా నున్న ఊరు రెండు దేశములపాలయ్యెను. అక్కడి పెద్దగురువు మోర్‌ను మెచ్చలేదు. గాంభీర్యము లేదనియు, భక్తిభావము లేని పాటలు పాడుచున్నాడనియు పై అధికారులకు ఫిర్యాదు చేసెను. బీదలతో కలసి నవ్వుచు పాడు గురువు అందరికిని నచ్చడు గదా!

1818 డిసెంబరు 24వ తేదిని మోర్ తన గీతమును తీసికొని మిత్రుడగు ఫ్రాంజ్ క్సావర్ గ్రూబరు వద్దకు పోయెను. గ్రూబరు నారబట్టలు నేయువాని కుమారుడు. సమీపమందలి ఆర్న్‌స్‌డార్ఫులో ఉపాధ్యాయుడు. ఒబెర్న్‌డార్ఫు దేవాలయమున ఆర్గను వాయించువాడు. రెండు గొంతులకును, వెంట పాడు బృందమునకును, గిటారునకును తగిన రాగము కూర్చుమని మోర్ కోరెను. ఆ సాయంకాలమునకే పంతులు రాగముతో వచ్చెను. ఆ రాత్రి సెయింట్ నికొలసు దేవాలయమున మోర్ గిటారు వాయించుచు పై స్థాయిని, గ్రూబరు క్రింది స్థాయిని పాడిరి. విన్నవారందరును మెచ్చుకొనిరని గ్రూబరు తరువాత వ్రాసెను.

ఆర్గను తిత్తులను ఎలుకలు కొరికినందున గిటారు వాడవలసి వచ్చెనని ఒక కథ కలదు. వినుటకు ముచ్చటగా ఉన్నదే కాని, గ్రూబరు వ్రాతలో ఎలుకల ప్రసక్తియే లేదు.

ఆర్గనులు నిర్మించు కార్ల్ మౌరాఖర్ అనునతడు ఈ పాటను టిరోలు ప్రాంతమునకు కొనిపోయెను. అక్కడ చేతితొడుగులు అమ్ముకొను స్ట్రాసరు కుటుంబమువారు సంతలకు పోయినచోట్ల దానిని పాడిరి. 1839లో రైనరు కుటుంబమువారు న్యూయార్కులో పాడిరి. పాట ఇట్లు సముద్రములు దాటుచుండగా రచయితల పేర్లు మాత్రము వెనుకనే నిలిచిపోయెను. 1854లో బెర్లినులోని రాజాస్థాన సంగీతశాలవారు, ఇది మైకేల్ హైడెను రచనయా అని విచారణ చేసిరి. అప్పుడు గ్రూబరు ఆ డిసెంబరు 30వ తేదిని జరిగినది జరిగినట్లు వ్రాసి పంపెను. మోర్ తన చేతితో వ్రాసి, 1816 అని సంవత్సరము వేసిన ప్రతి 1995లో బయటపడినందున సందేహము పూర్తిగా తొలగినది.

1914లో మొదటి ప్రపంచయుద్ధమున, పశ్చిమ రంగమునందలి కందకములలో జర్మను సైనికులు క్రిస్మసు రాత్రి ఈ పాటను పాడిరి. ఎదుటి కందకములలోని బ్రిటిషువారు తమ పాటలతో బదులిచ్చిరి. మరునాడు కొన్ని తావుల ఇరుపక్షములవారు బయటకు వచ్చి చేతులు కలిపిరి, చనిపోయినవారిని పూడ్చుకొనిరి. ఆ శాంతి కొద్దికాలమే నిలిచినది. మరుసటి సంవత్సరము అట్లు జరుగకుండ సేనాధిపతులు కట్టుదిట్టములు చేసిరి.

ఇంత కీర్తి రాకముందే మోర్ మరణించెను. ఊరినుండి ఊరికి మారుచు 1837లో వాగ్రైను అను గ్రామమునకు చేరి, అక్కడ బీదపిల్లలు చదువుకొనుటకై పాఠశాల కట్టించెను. తనకు వచ్చినదెల్ల ఇతరులకే వెచ్చించి, 1848 డిసెంబరు 4వ తేదిని, క్రిస్మసునకు మూడు వారములు ముందుగా, చేతిలో కాసు లేనివాడై కన్నుమూసెను. ఆయన చిత్రపటమైనను ఎవ్వరును వ్రాయలేదు. వరదలపాలైన ఒబెర్న్‌డార్ఫు దేవాలయము తరువాత పడగొట్టబడగా, ఆ చోట 1937లో ఒక చిన్న స్మారక మందిరము వెలసినది. ఆనాడు మోర్ వాయించిన గిటారు నేడు హాలైను పట్టణమున, గ్రూబరు సమాధికి ఎదుట ఉన్న ప్రదర్శనశాలలో భద్రముగా ఉన్నది.