పంచాయతీయు విశ్వవిద్యాలయమును
వాణిజ్య, ఆర్థిక, పర్యావరణ విద్యలలో మన యువజనులకు గల అవకాశములు

ప్రతి సంవత్సరము వేసవిలో ఇంటర్మీడియెట్ పరీక్షా ఫలితములు వెలువడును. ఆ దినములలో విద్యార్థి గల ప్రతి ఇంటను "ఇక ముందేమి చదువవలెను?" అను ప్రశ్న బయలుదేరును. ఉత్తరము చెప్పగలవారు లేక కొందఱు బాలురు పట్టణములకు కూలికి పోవుదురు. పెక్కుమంది బాలికల చదువు అంతటితో ముగియును. గడువు దాటిన పిదప సంగతి తెలిసి విచారించువారును కలరు. తెలివి లేక గాక, చెప్పువారు లేక ఒక బిడ్డ చదువు ఆగిపోవుట గ్రామమునకే నష్టము. ఈ నష్టమును నివారింపగల స్థానమున నున్నవారు పంచాయతీ సభ్యులు.

పై చదువు లనగానే వైద్యము, ఇంజనీరింగు మాత్రమే స్ఫురించుట సహజము. కాని వాణిజ్యము, ఆర్థిక నిర్వహణము, పర్యావరణము అను మూడు విద్యలును పంచాయతీ పనికి మిక్కిలి చేరువైనవి. 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణముతో పదునొకండవ షెడ్యూలు ఏర్పడినది. అందు 29 విషయములు కలవు. చిన్ననీటి పారుదల, చేపల పెంపకము, సామాజిక వనములు, కుటీర పరిశ్రమలు, త్రాగునీరు, సంతలు మున్నగునవి వానిలోనివే. వీనిలో లెక్కతో నిమిత్తము లేని పని యేది? నేల, నీరు, చెట్టులతో సంబంధము లేని పని యేది?

లెక్క తెలిసినచో కలుగు లాభము

ఒక చిన్న ఉదాహరణము చూతము. ఒక రైతు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 50,000 రూపాయలు అప్పు తెచ్చెననుకొందము. "రెండు రూపాయలే గదా" యని తోచును. కాని అది సంవత్సరమునకు నూటికి 24 రూపాయలు. ఏడాది గడచునప్పటికి వడ్డీయే 12,000 రూపాయలగును. అదే మొత్తము బ్యాంకు నుండి నూటికి సాలీనా 9 రూపాయల వడ్డీకి లభించినచో చెల్లించవలసిన వడ్డీ 4,500 మాత్రమే. మిగిలిన 7,500 రూపాయలు ఇంటిలో నిలుచును. ఇట్టి లెక్కను ఇరుగు పొరుగులకు విప్పి చెప్పగల యువకుడో, యువతియో ఊరిలో నుండుట మేలు గదా! పొదుపు సంఘముల పుస్తకములకును, పంచాయతీ బడ్జెటుకును ఇట్టివారి సాయము ఎంతయు అవసరము.

ఏ చదువు, ఎవరికి?

ఇంటర్మీడియెట్ పిదప బి.కాం. చదువవచ్చును. జమా ఖర్చులు, పన్నులు, బ్యాంకింగు, వ్యాపార చట్టములు ఇందు నేర్పుదురు. ఏదైన డిగ్రీ ముగించినవారు ఐసెట్ ప్రవేశ పరీక్ష వ్రాసి ఎం.బి.ఏ.లో చేరవచ్చును. 1926లో స్థాపింపబడిన ఆంధ్ర విశ్వవిద్యాలయము 1957లోనే ఎం.బి.ఏ. తరగతులను ప్రారంభించి, మన దేశమున ఈ విద్యకు త్రోవ చూపిన వానిలో నొకటిగా నిలిచినది. పంటల అమ్మకము, గిడ్డంగులు, రైతు ఉత్పత్తిదారుల సంఘముల నిర్వహణము వంటి విషయములను వ్యవసాయ విశ్వవిద్యాలయములు వ్యవసాయ వ్యాపార నిర్వహణ శాఖలలో బోధించుచున్నవి. 2020లో కేంద్ర ప్రభుత్వము 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘముల నేర్పరచు పథకమును ప్రారంభించినది. ఇట్టి సంఘములకు లెక్కలు వ్రాయువారును, నిర్వాహకులును కావలెను.

పర్యావరణ విద్యకును నేడు ప్రాముఖ్యము హెచ్చినది. 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ననుసరించి, డిగ్రీ విద్యార్థులందఱికి పర్యావరణ పాఠ్యము ఏర్పాటైనది. సైన్సు చదివినవారికి పర్యావరణ శాస్త్రమున ఎం.ఎస్.సి. కలదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య నిర్వహణ సమితిని ఏర్పరచి, ఊరి మొక్కలు, పశువులు, పంట రకములు, వానిని గూర్చి పెద్దలకు గల జ్ఞానము నమోదు చేయవలెను. చాల చోట్ల ఈ పుస్తకము వ్రాయువారు లేక కొఱత యేర్పడుచున్నది. చెరువు పూడిక, భూగర్భజలము, చెత్త నుండి ఎరువు తయారుచేయుట మున్నగు పనులకును ఈ చదువు తోడ్పడును.

ఇల్లు విడువలేనివారికి

కుటుంబ భారము వలన కళాశాలకు పోలేనివారు నిరాశ చెందనక్కరలేదు. మన దేశమున తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదున నెలకొన్నది. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేర వెలయుచున్నది. 1985లో స్థాపింపబడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో ప్రాంతీయ కేంద్రములు కలవు. బి.కాం. మొదలుకొని గ్రామీణాభివృద్ధి, పర్యావరణము, సుస్థిరాభివృద్ధి విషయములలో డిప్లొమాల వరకు ఇంటనుండియే చదువు వీలు ఇందు కలదు. ఇంటర్మీడియెట్ ముగింపనివారు ముందుగా సార్వత్రిక పాఠశాల ద్వారా దానిని పూర్తి చేయవచ్చును. 2017లో ఆరంభమైన స్వయం అను జాతీయ వేదికలో పాఠములు ఉచితముగా వినవచ్చును. ధ్రువపత్రము కోరువారు మాత్రము పరీక్షకు రుసుము చెల్లించవలెను. పంచాయతీ సభ్యులును ఈ పాఠముల వలన లాభము పొందవచ్చును.

అయితే ఒక హెచ్చరిక. గుర్తింపు లేని సంస్థలు డబ్బు పుచ్చుకొని పనికిరాని పట్టాల నిచ్చుట కలదు. యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను నకిలీ విశ్వవిద్యాలయముల జాబితాను ప్రకటించుచుండును. దూరవిద్యకు ప్రత్యేకముగా అనుమతి యుండవలెను. ఈ రెంటిని సరిచూచుకొనక ఒక్క రూపాయియైన కట్టరాదు.

పంచాయతీ చేయవలసిన పనులు

1. ఫలితములు వెలువడిన వారము లోపల ఉత్తీర్ణులైనవారి పట్టికను, చదువు మానినవారి పట్టికను తయారుచేయవలెను. బాలికల ఇండ్లకు మహిళా సభ్యులు స్వయముగా వెళ్లి మాటాడవలెను.

2. ప్రవేశ ప్రకటనలను, గడువు తేదీలను పంచాయతీ కార్యాలయపు పలకపై వ్రాయించి, దండోరా వేయించవలెను.

3. ఉపకార వేతనములకు, ఫీజు రీయింబర్సుమెంటుకు వలయు కుల, ఆదాయ ధ్రువపత్రములను ముందుగానే తీసికొనునట్లు చూడవలెను.

4. డిగ్రీ చదువు విద్యార్థులచే సెలవులలో ఊరి చెరువును, బావులను సర్వే చేయించవలెను. వాణిజ్య విద్యార్థులచే పంచాయతీ జమా ఖర్చులను గ్రామసభలో చదివించి వివరింపజేయవలెను.

ఈ పనులకు పెద్ద నిధులు అక్కరలేదు, శ్రద్ధ యున్న చాలును. బడి మెట్లెక్కని తల్లిదండ్రుల బిడ్డ గ్రామసభలో నిలిచి ఊరి లెక్క చదివి వినిపించిన దినమున, ఆ చదువు ఎవరి కొఱకో ఊరివారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఈ వేసవిలోనే మీ గ్రామమున ఆ పట్టికను సిద్ధము చేయుడు.