అర వోల్టు ఘటం, రెండు వోల్టుల దీపం

బాలలూ! ఒక తప్పు ఒప్పుకొని ఈ పాఠం మొదలుపెడతాను. తప్పు నాదే.

కొన్నేళ్ళ క్రితం మా పాఠశాలలో వైజ్ఞానిక ప్రదర్శన జరిగింది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె, సౌర ఘటంతో ఎల్‌.ఇ.డి. దీపం వెలిగించి చూపుతానని పేరు ఇచ్చింది. పట్నంలో ఉన్న మేనమామ చేత పెద్ద ఘటమే తెప్పించుకొంది. ఐదంగుళాల పొడవు, ఐదంగుళాల వెడల్పు, ముదురు నీలం రంగు, అప్పడమంత పలుచన. దాన్ని ఎండలో పెట్టి రెండు తీగలు ఎర్ర ఎల్‌.ఇ.డి.కి కలిపింది. వెలగలేదు. తీగలు తారుమారు చేసింది. అప్పుడూ వెలగలేదు. నా దగ్గరకు తెచ్చింది. నేను అటూ ఇటూ తిప్పి చూసి, “ఘటం పాడైపోయిందమ్మా, మార్పించుకో” అన్నాను.

“పాడైతే మీటరు ఎందుకు చూపిస్తోంది మాస్టారూ?” అంది ఆ అమ్మాయి.

నిజమే. మల్టీమీటరు అర వోల్టుకు కాస్త పైన చూపిస్తోంది. అదే ఘటాన్ని ప్రయోగశాలలోని చిన్న మోటారుకు కలిపితే గిర్రున తిరిగింది. ఎల్‌.ఇ.డి.ని రెండు టార్చిలైటు బ్యాటరీలకు, మధ్యలో ఒక నిరోధం పెట్టి కలిపితే చక్కగా వెలిగింది. అంటే ఘటమూ మంచిదే, దీపమూ మంచిదే. రెండింటినీ కలిపితే మాత్రం పని జరగడం లేదు!

ఆ హడావుడిలో ఘటం బల్ల మీది నుంచి జారి కింద పడి ముక్కలయింది. అమ్మాయి కళ్ళ వెంట నీళ్ళు. ఓదార్చడానికి ఒక ముక్క తీసి ఎండలో పెట్టి మీటరు తగిలించాను. అర వోల్టు! ఇంకో ముక్క తీశాను. అదీ అర వోల్టే! అగ్గిపెట్టె అంత ముక్కకూ, మొత్తం ఘటానికీ వోల్టులలో తేడా లేదు. మా ఇద్దరికీ పాఠం అక్కడే దొరికింది. నాలుగు ముక్కలను సన్నని తీగతో టంకం పెట్టి ఒకదాని వెనుక ఒకటి కలిపాము. ఎర్ర దీపం వెలిగింది. అంత పెద్ద ఘటం చేయలేని పనిని దాని ముక్కలు చేశాయి!

ఎందుకు? చూద్దాం.

మెరక పొలం, పల్లపు చెరువు

పల్లంలో ఒక చెరువు ఉంది. పొలం మెరకలో ఉంది. చెరువు ఎంత పెద్దదైనా దాని నీరు మెరకకు ఎక్కదు. చెరువును ఇంకా వెడల్పు చేసినా ఎక్కదు. నీటిని ఎత్తాలి. పూర్వం మన పల్లెల్లో ఇలాంటి చోట గూడ వేసేవారు. ఇద్దరు మనుషులు చెరొకవైపు తాళ్ళు పట్టుకొని గూడను ఊపుతూ నీటిని పై గుంటలోకి తోడతారు. ఎత్తు ఎక్కువైతే అక్కడ మరో జత, ఆ పైన మరో జత. మెట్టు మెట్టుగా నీరు పొలం చేరుతుంది.

విద్యుత్తులో ఆ ఎత్తు వోల్టు. పారే నీటి పరిమాణం ఆంపియరు. ఒక సిలికాన్ ఘటం ఎండలో విద్యుత్తును అర వోల్టు ఎత్తుకు మాత్రమే ఎత్తగలదు. ఘటం పెద్దదైతే పారే విద్యుత్తు పెరుగుతుంది గాని ఎత్తు పెరగదు. మంచి ఎండలో చదరపు సెంటీమీటరుకు సుమారు 30 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. ఆ అమ్మాయి తెచ్చిన ఘటం వైశాల్యం సుమారు 155 చదరపు సెంటీమీటర్లు. కనుక దాదాపు నాలుగున్నర ఆంపియర్లు ఇవ్వగలదు. అర వోల్టుతో గుణిస్తే రెండు వాట్లకు పైన. ఎర్ర ఎల్‌.ఇ.డి.కి కావలసింది 2 వోల్టులు, 10 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.02 వాటు. నూరు దీపాలకు సరిపోయే శక్తి ఉండి కూడా ఆ ఘటం ఒక్క దీపాన్ని వెలిగించలేకపోయింది. శక్తి లేక కాదు, ఎత్తు చాలక!

ఘటాలను ఒకదాని ధన ధ్రువం మరొకదాని ఋణ ధ్రువానికి తగిలేలా వరసగా కలపడాన్ని శ్రేణి సంధానం అంటారని మీరు చదువుకొన్నారు. అలా కలిపితే వోల్టులు కూడుతాయి. నాలుగు ముక్కలు, నాలుగు అర వోల్టులు, మొత్తం రెండు వోల్టులు. నాలుగు గూడలు వరసగా వేసినట్టే.

ఇద్దరూ తోబుట్టువులే

అర వోల్టే ఎందుకు? సిలికాన్ స్ఫటికంలో ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి కొంత కనీస శక్తి కావాలి. కాంతి కణం ఆ శక్తి ఇస్తే ఎలక్ట్రాన్ మెట్టు ఎక్కి తీగలో ప్రవహించడానికి సిద్ధమవుతుంది. సిలికాన్ మెట్టు ఎత్తు సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు. అందులో మన చేతికి వచ్చేది సుమారు సగం. మిగతాది స్ఫటికంలోనే పోతుంది. మెట్టు ఎత్తు పదార్థాన్ని బట్టి ఉంటుంది, ముక్క సైజును బట్టి కాదు.

ఎల్‌.ఇ.డి. ఈ పనినే తలకిందులుగా చేస్తుంది. దానిలో ఎలక్ట్రాన్లు పై మెట్టు మీది నుంచి కిందికి దూకి, ఆ శక్తిని కాంతిగా విడిచిపెడతాయి. ఎర్ర కాంతికి సుమారు 2 వోల్టుల మెట్టు కావాలి. నీలి కాంతికి ఇంకా పెద్ద మెట్టు, సుమారు 3 వోల్టులు. తెల్ల ఎల్‌.ఇ.డి. అంటే పైన పసుపు పూత ఉన్న నీలి ఎల్‌.ఇ.డి.యే. కనుక దానికీ 3 వోల్టులు కావాలి.

ఈ బంధుత్వాన్ని మీరే పరీక్షించవచ్చు. ఒక ఎర్ర ఎల్‌.ఇ.డి.ని దేనికీ కలపకుండా దాని తల సూర్యుని వైపు ఉండేలా పట్టుకోండి. రెండు కాళ్ళకు డిజిటల్ మల్టీమీటరు తగిలించండి. ఒక వోల్టుకు పైన చూపిస్తుంది! దీపమే ఘటమయింది. సిలికాన్ కంటె దాని మెట్టు ఎత్తు గదా! అయితే దాని లోపలి స్ఫటికం ఆవగింజంత కూడా ఉండదు. కనుక వచ్చే విద్యుత్తు మరీ కొద్ది. దానితో ఏ పనీ చేయించలేము.

చేసి చూడండి: పగటి దీపం

కావలసినవి: 6 వోల్టులు, 100 మిల్లీ ఆంపియర్ల చిన్న సోలార్ ప్యానెల్, ఎర్ర ఎల్‌.ఇ.డి., 330 ఓముల నిరోధం, తీగలు, ఒక అట్టముక్క. విడి ఘటాలు ముట్టుకొంటే విరుగుతాయి. కనుక జిగురు పూతతో సిద్ధంగా దొరికే ప్యానెల్ కొనుక్కోవడమే మేలు.

ముందు ప్యానెల్ మీది సన్నని పట్టీలను లెక్కపెట్టండి. సాధారణంగా 12 ఉంటాయి. ఒక్కొక్క పట్టీ అర వోల్టు గూడ. పన్నెండు కలిసి 6 వోల్టులు.

ప్యానెల్ ధన తీగను నిరోధానికి, నిరోధాన్ని ఎల్‌.ఇ.డి. పొడుగు కాలికి, పొట్టి కాలిని ఋణ తీగకు కలపండి. ఎండలో పెట్టండి. దీపం వెలుగుతుంది.

నిరోధం ఎందుకు? ఎల్‌.ఇ.డి.కి 2 వోల్టులు చాలు. మిగిలిన 4 వోల్టులను ఏదో ఒకటి మోయాలి. లేకపోతే పరిమితికి మించిన విద్యుత్తు పారి దీపం మాడిపోతుంది. ఓమ్ నియమం ప్రకారం 4 వోల్టులను 330 ఓములతో భాగించండి. 0.012 ఆంపియరు, అంటే 12 మిల్లీ ఆంపియర్లు. దీపానికి సరిగ్గా సరిపోతుంది. 330 ఓముల నిరోధం మీద నారింజ, నారింజ, గోధుమ రంగు పట్టీలు ఉంటాయి.

ఇప్పుడు అసలు తమాషా. ప్రతి పట్టీలోనూ సగం భాగం మూతపడేలా అట్టముక్కను అడ్డంగా పెట్టండి. ప్యానెల్ సగం నీడలో ఉంది. అయినా దీపం దాదాపు అలాగే వెలుగుతుంది. తరువాత ఒకే ఒక్క పట్టీని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పూర్తిగా మూయండి. మూసింది పన్నెండో వంతే. కాని దీపం బాగా మసకబారుతుంది, లేదా ఆరిపోతుంది!

గూడలను తలచుకోండి. మొదటిసారి ప్రతి గూడా సగం సగం నీరే తోడింది. మన దీపానికి కావలసింది తక్కువ కనుక అదే సరిపోయింది. రెండోసారి వరసలో ఒక జత పని మానేసింది. మిగతా పదకొండు జతలూ ఎంత కష్టపడినా పైకి నీరు రాలేదు. ఇంటి కప్పు మీది ప్యానెల్‌పై ఎండుటాకో, పక్షి రెట్టో పడితే వెంటనే తుడవమనడం ఇందుకే. పెద్ద ప్యానెళ్ళలో ఆగిపోయిన వరసను తప్పించి విద్యుత్తు పక్కదారిన పోవడానికి డయోడ్లు అమరుస్తారు. అయినా కొంత నష్టం తప్పదు.

చేసి చూడండి: రాత్రి దీపం

ఎండ ఉన్నప్పుడు వెలిగే దీపంతో మనకేం పని? చదువుకోవలసింది రాత్రి కదా! పగటి విద్యుత్తును దాచిపెట్టాలి.

కావలసినవి: ముందటి ప్యానెల్, తిరిగి చార్జి చేయగల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలు మూడు (1.2 వోల్టులవి, 1000 మిల్లీ ఆంపియర్ గంటలకు తక్కువ కానివి), వాటిని ఉంచే పెట్టె, 1ఎన్‌4007 డయోడు ఒకటి, తెల్ల ఎల్‌.ఇ.డి.లు నాలుగు, 56 ఓముల నిరోధాలు నాలుగు, ఒక స్విచ్.

ప్యానెల్ ధన తీగను డయోడుకు కలిపి, డయోడు మీద వెండి గీత ఉన్న కొసను బ్యాటరీల ధన ధ్రువానికి కలపండి. ఋణ తీగలు రెండింటినీ ఒకటి చేయండి. డయోడు సైకిలు ట్యూబు వాల్వు వంటిది. వాల్వు గాలిని లోపలికి పోనిస్తుంది, వెలుపలికి రానివ్వదు. అలాగే డయోడు పగలు విద్యుత్తును బ్యాటరీలోకి పోనిస్తుంది, రాత్రి ప్యానెల్ గుండా తిరిగి కారిపోకుండా ఆపుతుంది. ఈ కాపలాకు అది తీసుకొనే కూలి 0.7 వోల్టు. అది పోయినా 5 వోల్టులకు పైన మిగులుతుంది. 3.6 వోల్టుల బ్యాటరీ వరసను నింపడానికి అది చాలు.

బ్యాటరీల ధన ధ్రువం నుంచి స్విచ్, స్విచ్ నుంచి నాలుగు దారులు. ప్రతి దారిలోనూ ఒక నిరోధం, ఒక ఎల్‌.ఇ.డి. నాలుగు పొట్టి కాళ్ళనూ కలిపి ఋణ ధ్రువానికి చేర్చండి. 3.6 లోంచి 3 పోతే 0.6 వోల్టు. దాన్ని 56తో భాగిస్తే ఒక్కొక్క దీపానికి సుమారు 10 మిల్లీ ఆంపియర్లు. నాలుగింటికి 40.

ఇప్పుడు లెక్క వేద్దాం. మంచి ఎండలో ప్యానెల్ గంటకు సగటున 80 మిల్లీ ఆంపియర్ల వంతున ఐదు గంటలు ఇచ్చిందనుకోండి. 400 మిల్లీ ఆంపియర్ గంటలు. బ్యాటరీలో వేసిందంతా తిరిగి రాదు. మూడింట రెండు వంతులు వస్తుందనుకొంటే సుమారు 265. దాన్ని 40తో భాగిస్తే ఆరు గంటలకు పైన! కరెంటు పోయిన రాత్రి పుస్తకానికి దగ్గరగా పెట్టుకొని చదువుకోవడానికి ఈ వెలుగు చాలు. మబ్బు రోజున ఎన్ని గంటలు వస్తుందో మీరే కొలిచి పట్టిక రాయండి.

జాగ్రత్తలు: మామూలు టార్చిలైటు బ్యాటరీలను చార్జి చేయకూడదు. లిథియం బ్యాటరీలను ఈ వలయంలో వాడకూడదు. వాటికి వేరే రక్షణ వలయం కావాలి. బ్యాటరీల రెండు కొసలూ తీగతో నేరుగా తగలనివ్వద్దు. దీపం వాడకుండా రోజుల తరబడి ప్యానెల్‌ను ఎండలో వదలవద్దు. టంకం పని పెద్దల సమక్షంలో చేయండి. ప్యానెల్‌ను సూర్యుని వైపు తిప్పేటప్పుడు సూర్యుణ్ణి నేరుగా చూడవద్దు.

చిన్న ఘటం, పెద్ద పని

పనికి వచ్చే సిలికాన్ సౌర ఘటాన్ని 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు తయారుచేశారు. 1958 మార్చిలో ఎగిరిన వాన్‌గార్డ్–1 ఉపగ్రహంలో రెండు ట్రాన్స్‌మిటర్లు ఉండేవి. బ్యాటరీతో నడిచినది కొన్ని నెలల్లోనే మూగబోయింది. సౌర ఘటాలతో నడిచినది 1964 వరకు మాట్లాడింది. 2017లో పాణ్యం దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. అక్కడా లెక్క ఇదే: చిన్న మెట్లు వరసగా పేర్చి కావలసిన ఎత్తు సాధించడం.

ఆ అమ్మాయి ప్రదర్శనలో తన బల్ల మీద రెండు వస్తువులు పెట్టింది: వెలిగే నాలుగు ముక్కల దీపం, దాని పక్కనే దీపాన్ని వెలిగించలేని ఒంటరి ముక్క. చూసేవారిని “ఇది ఎందుకు వెలిగించలేదు?” అని తనే అడిగేది. బాలలూ! మీ ప్రయోగం పని చేయకపోతే వస్తువును పారేయకండి. ముందు మీటరు తగిలించండి. నా వంటి మాస్టారు పాడైందని చెప్పినా సరే!

ఆలోచించండి

1. మూడు వోల్టుల తెల్ల ఎల్‌.ఇ.డి.ని వెలిగించడానికి కనీసం ఎన్ని సిలికాన్ ఘటాలు వరసగా కలపాలి?

2. మూడు బ్యాటరీలను శ్రేణిలో కలిపినప్పుడు వోల్టులు మూడింతలయ్యాయి. మిల్లీ ఆంపియర్ గంటలు ఎందుకు పెరగలేదు? గూడల ఉపమానంతో చెప్పండి.

3. నాలుగు ఎల్‌.ఇ.డి.లకు కలిపి ఒకే నిరోధం పెడితే, వాటిలో ఒకటి మాడిపోయినప్పుడు మిగిలిన మూడింటికీ ఏమవుతుంది?