చిత్రలేఖనము నేర్వదగిన విద్య

అయిదారేండ్ల పిల్లవాని చేతికి సుద్దముక్క నిచ్చినచో అతడు అరుగుమీద ఏనుగును గీయును, బండిని గీయును, తన తల్లిని గీయును. ఎవ్వరేమనుకొందురో యను సంకోచ మతనికి లేదు. ఆ బాలుడే పది పండ్రెండేండ్లవా డగునప్పటికి “నాకు బొమ్మలు రావు” అని సుద్దముక్కను పారవేయును. ఈ నడుమ ఏమి జరిగినది? అతని చేయి చెడలేదు, కన్ను పదునెక్కినది. తాను గీసినది తాను చూచినదానివలె లేదని అతనికి తెలియవచ్చినది. నిజమునకు ఆ తెలివియే విద్యకు మొదటి మెట్టు. కాని ఆ వేళ దారి చూపువారు లేకున్నచో బాలుడు దానిని తన చేతగానితనముగా నెంచి, జీవితాంతము ఆ విద్యకు దూరమగును.

చిత్రలేఖనము పుట్టుకతో రావలసినదే కాని నేర్చిన వచ్చునది కాదని పలువురు తలతురు. ఈ తలంపు సరియైనదా యని తెలిసికొనుటకు కర్నూలు జిల్లా పడమటి భాగమున నున్న ఎమ్మిగనూరు, ఆదోని పట్టణములను చూచిన చాలును.

ఎమ్మిగనూరు నేతపనికి పేరొందిన ఊరు. ఇచ్చట 1938లో చేనేత సహకార సంఘము ఏర్పడినది. దాని స్థాపకులైన మాచాని సోమప్పగారికి 1954లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదము నొసగినది. నేతలో అంచుమీద పువ్వునో హంసనో తేవలెనన్న మొదట దానిని గళ్ల కాగితముపై గీయుదురు. నిలువు వరుసలు పడుగు పోగులకును, అడ్డ వరుసలు పేక పోగులకును గుర్తులు. ఏ గడి నిండవలెనో, ఏది ఖాళీగా నుండవలెనో లెక్కించి, హంస మెడవంపును మెట్లుమెట్లుగా దింపుదురు. జకార్డు మగ్గమునకు ఆ వరుసలను బట్టియే అట్టలకు రంధ్రములు వేయుదురు. ఒక్క గడి తప్పినను ఆ తప్పు వస్త్రమున మరల మరల కానవచ్చును. ఇది దైవదత్తమైన వరము కాదు; పెద్దలు చూపగా పిన్నలు నేర్చు పని.

ముగ్గు సంగతియు నంతియే. తల్లి చుక్కలు పెట్టగా కూతురు కలుపును. కొన్నాళ్లకు చుక్కలును తానే పెట్టును. “మా అమ్మాయికి ముగ్గు పుట్టుకతో రాలే”దని చింతించు తల్లి యెందును లేదు. ఇంతకన్న గొప్ప సాక్ష్యము మన తెలుగు లిపి. ‘అ’ అను అక్షరమున ఎన్ని వంపులు కలవు! బడిలో చేరిన ప్రతి బిడ్డయు దిద్ది దిద్ది వానిని నేర్చుచున్నాడు. అక్షరము వ్రాయగల చేయి బొమ్మను గీయలేదనుట తగునా?

లోపము చేతిలో లేదు, చూపులో నున్నది. ఎద్దుబండిని సరిగా ప్రక్కనుండి చూచినచో ఒక చక్రమే కానవచ్చును. పిల్లవాడు రెండు చక్రములను గీయును. ఏలన బండికి రెండున్నవని అతడెరుగును. అనగా అతడు ఎరిగినదానిని గీయుచున్నాడు, చూచినదానిని కాదు. ఉపాధ్యాయుడు నేర్పవలసినది ఈ చూచుటయే.

ఆదోని కోటకొండ ఇందుకు చక్కని పాఠము. బాలుడు పెన్సిలు పట్టి చేయి చాచి, ఒక కన్ను మూసి, మొదట కొండ యెత్తును కొలువవలెను. పిదప వెడల్పులో అట్టి కొలతలు ఎన్ని పట్టునో చూడవలెను. బండలను గీయుట కష్టమైనచో బండల నడుమ కానవచ్చు ఆకాశపు ముక్కలను గీయవలెను. బండలు వాటియంతట అవియే రూపు కట్టును. 17వ శతాబ్దమున సిద్ది మసూద్ ఖాను కట్టించిన జామియా మసీదు కమానులను గూడ ఇట్లే లోపలి ఖాళీని బట్టి గీయవచ్చును. అమెరికా ఉపాధ్యాయిని బెట్టీ ఎడ్వర్డ్సు 1979లో ప్రకటించిన గ్రంథమున మరియొక ఉపాయము చెప్పినది. మాదిరి బొమ్మను తలక్రిందులుగా పెట్టి చూచి గీయవలెను. అప్పుడు ‘ఇది ముక్కు, ఇది చెవి’ యను తలంపు తొలగి, గీత గీతగానే కంటబడును.

అట్లయిన ప్రతిభ యనునది లేదా? కలదు. కాని దానికిని గురువు కావలెను. 1909 మొదలు 1919 వరకు రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగా నున్న ఆస్వాల్డు కూల్డ్రే స్వయముగా చిత్రకారుడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు మొదలగువారు ఆయన ప్రోత్సాహమున పెరిగినవారే. రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో అభ్యసించి, తిరిగి వచ్చి, తన ఊరిలో చిత్రకళాశాలను నెలకొల్పి ఇతరులకు నేర్పెను. 1897లో జన్మించి 1925లోనే మరణించినను, తాను పొందిన విద్యను తనతో పోనీయలేదు.

అందరును రామారావులు కాలేరు. అక్షరములు నేర్చినవారందరును కవులగుచున్నారా? అయినను చదువు అందరికిని కావలెనందుము. కన్నులు తెరచి చూచుటయు, చూచినదానిని నిజాయితీతో కాగితముపై నిలుపుటయు అట్టి చదువే. “నాకు బొమ్మలు రావు” అను బాలునికి చెప్పవలసిన మాట ఒక్కటే: రావు కాదు, ఇంకను రాలేదు.